తీసేసిన వాక్యం

ఆయన ప్రశ్న అడిగి కళ్ళు మూసుకునేవారు. జవాబు వచ్చేదాకా తెరిచేవారు కాదు. ఎదురుగా ఉన్నది ఒకటో తరగతి పిల్లయినా, ట్రైనింగుకొచ్చిన బట్టతల హెడ్మాస్టరయినా అంతే. మొదటిసారి చూసినవాళ్ళు ఆయనకి కునుకు పట్టిందనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

"నిద్ర కాదమ్మాయ్" అన్నారు తర్వాతెప్పుడో. "నేను కళ్ళు తెరిచి చూస్తూ కూర్చుంటే ఎదుటివాళ్ళు జవాబు నా మొహంలో వెతుక్కుంటారు. మూసుకుంటే వాళ్ళ బుర్రలోనే వెతుక్కోవాలి, గత్యంతరం లేదు."

పోయిన నెలలో పేపరు జిల్లా పేజీ అడుగున ఆయన ఫొటో వేశారు. పోయారట. హైదరాబాదు నుంచి ఇంటికొచ్చి రెండేళ్ళయిందని, గుండెజబ్బని రాశారు. దాని కింద ఇంకో లైను ఉంది: తీరప్రాంత బాలల గొంతుకను ప్రభుత్వానికి వినిపించిన మహనీయుడు. నేను ఆ లైను దగ్గర ఆగిపోయాను. మావారు "ఎవరు పోయారు?" అనడిగారు. చెబుదామని నోరు తెరిచాను, పేరు పెగల్లేదు. ఇక్కడ కూడా రాయను. మనిషిని పొగడడానికో తిట్టడానికో అయితే పేరు కావాలి. నాకు ఆ రెండూ ఇప్పటిదాకా చేతకాలేదు.

ఆయన ట్రైనింగు కాలేజీలో లెక్చరరు. నేను సముద్రానికి ఆనుకుని ఉన్న జాలర్ల పేటలో, ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. డెబ్బయ్యో దశకం మధ్యలో సంగతి. అదే నా మొదటి ఉద్యోగం. భీమిలి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేదాన్ని. ఒకరోజు నేను వెళ్ళేసరికి బడి గేటు దగ్గర ఒక సైకిలు, దాని హ్యాండిలుకి వేలాడుతూ ఒక చెప్పుల జత కనిపించాయి. చెప్పులాయన మా రెండో తరగతిలో, వెనకవరసలో, పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని నేలమీద కూర్చునున్నారు. పాంటు ఒక కాలు మోకాలి కిందదాకా మడిచి ఉంది. చైనుకి తగలకుండా మడుచుకుని, దిగాక విప్పడం మర్చిపోయేవారు. రోజంతా ఒక కాలు పొట్టి పాంటుతోనే తిరిగేవారు. ఎవరైనా చెబితే, "సాయంత్రం మళ్ళీ మడవాలి కదమ్మా" అనేవారు.

ఆ వెనకవరస గురించి చెప్పాలి. అందులో అందరూ పేట పిల్లలే. ముందువరసల్లో రోడ్డవతలి ఇళ్ళ పిల్లలు, గుమాస్తాల పిల్లలు, హార్బరు ఉద్యోగుల పిల్లలు కూర్చునేవారు. పేట పిల్లల్ని వెనక్కి కూర్చోబెట్టమని ఎవరూ ఆర్డరు వెయ్యలేదు. చేపల వాసనని, కిటికీ పక్కన గాలి తగులుతుందని, ఎప్పుడో ఎవరో అన్నారు. అంతే, అది అలా సాగిపోయింది. ఆయన వారాల తరబడి వచ్చి ఆ వరసలోనే కూర్చున్నారు. పిల్లలు మొదట బిగుసుకుపోయారు, తర్వాత నవ్వారు, తర్వాత ఆయన జేబులోంచి వేరుశెనక్కాయలు తీసుకోవడం మొదలుపెట్టారు. కాయలైపోయాక ఆ పొట్లం కాగితం విప్పి, నూనె మరకల మధ్య ఏం రాసుందో చదువుకునేవారాయన. చేతికి దొరికిన కాగితం చదవకుండా పారేసిన మనిషి కాదు.

చదివింది దాచుకునే మనిషి అంతకన్నా కాదు. యూనివర్సిటీ వాళ్ళు ఇంగ్లీషులో రాసుకునే సంగతులన్నీ టీచర్లకి చేరాలని ఆయన పట్టుదల. "పరిశోధన బీరువాలో పెడితే చెదపురుగులు పండితులవుతాయి, మనం కాదు" అనేవారు. శనివారం బడి వదిలాక చుట్టుపక్కల బడుల టీచర్లని మా వరండాలో కూర్చోబెట్టేవారు. ఉపన్యాసం ఉండేది కాదు. ఆయన ఒక టీచరు, మేమంతా పిల్లలం. గబగబా ప్రశ్న వేసి, మేం నోరు తెరవబోయేలోపు పక్కవాళ్ళని అడిగేసేవారు. మాకు ఒళ్ళు మండుకొచ్చేది. అప్పుడాగి, "ఒళ్ళు మండిందా? పేట పిల్లలకి రోజూ ఇలాగే ఉంటుంది" అనేవారు. ఏ సంగతి మాట్లాడుకున్నా చివర ఒకటే ప్రశ్న: "అయితే సోమవారం పొద్దున్న బెల్లు కొట్టాక మనం ఏం చేద్దాం?" అని కళ్ళు మూసుకునేవారు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తామని ఒప్పుకునేదాకా వరండా కదిలేది కాదు.

ఆయన పరిశోధన కూడా ఆ వెనకవరస గురించే. పేట పిల్లలు ఒకటో తరగతిలో గలగలా మాట్లాడుతారు. మూడుకొచ్చేసరికి నోరు మూసేస్తారు. ఐదు దాకా ఒక్కరూ మిగలరు. ఎందుకు? అందరి దగ్గరా ఒకటే జవాబు ఉండేది, తల్లిదండ్రులకి చదువంటే లెక్కలేదని. ఆయన మాత్రం వరసలో కూర్చుని చూశారు.

ఆయన చూసినదాన్ని నేనూ చూశాను. నూకాలని ఒక పిల్ల ఉండేది, రెండో తరగతి. బడి బయట ఇసుకలో అది కథ చెప్తే పెద్దవాళ్ళు కూడా వల బాగుచేసుకోవడం ఆపి వినేవారు. ఒకరోజు పక్క సెక్షన్ మాస్టారు మా తరగతికొచ్చి, సముద్రం ఎవరు దగ్గర్నుంచి చూశారని అడిగారు. నూకాలు టక్కున లేచింది. "నాను సూసినానండి, మా నాన పడవలోన..." అంది. "నాను కాదు, నేను. సూసినాను కాదు, చూశాను. మళ్ళీ చెప్పు" అన్నారా మాస్టారు. ముందువరసలు నవ్వాయి. పిల్ల మళ్ళీ మొదలెట్టింది, మళ్ళీ 'నాను' అనే వచ్చింది, మళ్ళీ నవ్వారు. ఇక చెప్పలేదు. ఆ తర్వాత ఆ సంవత్సరమంతా తరగతిలో నూకాలు గొంతు నేను వినలేదు.

ఆ రోజు వెనకవరసలో ఆయన కూడా ఉన్నారు. బయటికొచ్చి సైకిలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు.

ఆయనకెందుకు అంత తగిలిందో నాకు తర్వాత తెలిసింది. ఒక ఆదివారం ఏవో కాగితాలివ్వడానికి ఓల్డుటౌనులో వాళ్ళింటికి వెళ్ళాను. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు, తెల్లచొక్కాలో ఉన్నారు. వంటింట్లో తల్లితో, "అమ్మా, నాను తరవాత తింతాను, నువ్వు కూకో" అంటున్నారు. నన్ను చూసి ముందు తడబడ్డారు, తర్వాత నవ్వేశారు.

"చూశావా అమ్మాయ్, నాకు రెండు నోళ్ళు. ఇదొకటి అమ్మది, అదొకటి కాలేజీది. మా నాన్న పోర్టులో మూటలు మోసేవాడు. బళ్ళో నన్నూ ఇలాగే నవ్వారు. ఒక ఏడాదంతా ఎవరేమడిగినా నోరు తెరవలేదు. మూగోడనుకుని ఒక మాస్టారు జాలిపడ్డాడు కూడా."

ఆ మాట విన్నాక నేను ఆయన్ని పూర్తిగా నమ్మాను.

నూకాలు వాళ్ళమ్మ పోలమ్మ. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళోకి చేపలమ్మడానికి వెళ్ళే మనిషి, గొంతు పెద్దది, కోపం దగ్గర. బడివాళ్ళు ఎవరు గడప తొక్కినా, "మల్లీ ఏటి తప్పు సేసింది మా గుంట?" అని ఎదురొచ్చేది. ఆయన వెళ్ళినప్పుడూ అలాగే వచ్చింది. ఆయన చెప్పులు విడిచి ఇసుకలో కూర్చుని, "తప్పు మాది అప్పా. అది సెప్పుకోడానికే వచ్చినాను" అన్నారు. బడిలోంచి వచ్చిన మనిషి నోట ఆ భాష వినడం, అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిపించుకోవడం పోలమ్మకి కొత్త. ఆ సాయంత్రం ఆయనకి చేపల పులుసూ అన్నం పెట్టింది. తర్వాత ఆయన్ని తమ్ముడనే పిలిచేది. ఆ పేటలో ఆయన వెళ్ళని ఇల్లు లేకుండా పోయింది. పోలమ్మ తమ్ముడంటే చాలు, చెప్పకూడని సంగతులు కూడా చెప్పేవారు. ఏ మాస్టారు ఏమన్నాడు, ఏ పిల్లని ముక్కు మూసుకుని పక్కకి జరగమన్నాడు, అన్నీ.

అంతా రాసి, ఆఫీసర్లకి ఇవ్వకముందే దాన్ని పేటలో చదివి వినిపించారాయన. నాకు తెలిసి అలాంటి పని ఎవరూ చెయ్యలేదు. పడవల నీడన ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. ఒక్కో వాక్యం చదివి వాళ్ళ మాటల్లోకి మార్చి చెప్పారు. ఒకచోట పోలమ్మ ఆపింది.

"ఆగు తమ్ముడూ. ఏటి రాసినావక్కడ? బయమా?"

"భయం వల్ల పిల్లలు మాట్లాడ్డం మానేస్తారని రాసినానప్పా."

"మా గుంటకి బయమేటి? సంద్రానికే బయపడదు. అది సిగ్గు. నలుగురూ నవ్వినారని సిగ్గు. దానికే కాదు, ఆ మాట నాదే గదా, నాకూ సిగ్గే. మా ఇంటి మాట అంటే నవ్వుతారని తెలిసినాక పిల్ల ఇంక నోరిప్పుతాదా?"

ఆయన కళ్ళు మూసుకున్నారు. తెరిచాక 'భయం' కొట్టేసి, పోలమ్మ చెప్పిందంతా ఒక వాక్యంగా రాసి చదివారు: తమ ఇంటి మాటను బడి అవమానించినందువల్ల కలిగిన సిగ్గుతో ఈ పిల్లలు మౌనం వహిస్తున్నారు.

"మాటలు పెద్దయి గానీ, నిజిమే" అంది పోలమ్మ.

"ఈ మాట పెద్దోళ్ళ ముందర ఇలాగే సదువుతానప్పా. మీరూ రండి, మీ సెవులతో ఇందురుగాని" అన్నారాయన. ఆ రోజు సైకిలు తొక్కుకుంటూ చర్చిపాట పాడుకుంటూ వెళ్ళారు. బొంగురు గొంతు, చాలా దూరం వినిపించింది.

ఆ సభ ఊళ్ళో ఒక పెద్ద హాల్లో జరిగింది. హైదరాబాదు నుంచి విద్యాశాఖ పెద్ద ఆఫీసరొకరు వచ్చారు. జిల్లా అధికారులు, హెడ్మాస్టర్లు, సంఘాల నాయకులు, కాలేజీవాళ్ళు వచ్చారు. పోలమ్మ, ఇంకో ఐదారుగురు ఆడవాళ్ళు నాతో వచ్చారు. ఆ రోజు బేరం మానుకున్నారు. పండక్కి కట్టుకునే చీరలు కట్టుకున్నారు. "వాసనేటైనా ఒత్తందా టీచరమ్మా? రెండుపాలి సబ్బు రుద్దినాను" అని పోలమ్మ చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టింది. సబ్బు వాసనే వస్తోందన్నాను. అయినా వెళ్ళి ఆఖరి వరసలో కూర్చున్నారు.

పొద్దున్న ఆ ఆఫీసరు గెస్టుహౌసుకి రమ్మని ఆయనకి కబురు పెట్టారని ఎవరో చెప్పారు. ఆయన కొంచెం ఆలస్యంగా, జీపులో వచ్చారు. పెళ్ళినాటి కోటు వేసుకున్నారు. మావైపు చూసి తలాడించారు గానీ దగ్గరికి రాలేదు.

చదవడం మొదలుపెట్టారు. తీరప్రాంత బాలల భాషావికాసం అన్నారు. పరిమిత పదజాలం అన్నారు. గృహ వాతావరణం అన్నారు. నేను ఒక్కో వాక్యానికీ, వచ్చేది మనదే, వచ్చేది మనదే అనుకుంటూ కూర్చున్నాను.

పోలమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "ఏటంతన్నాడు తమ్ముడు? మా మాట వచ్చినాదా?"

"ఇంకా రాలేదు. వస్తుంది."

"తల్లిదండ్రుల అనాసక్తి ఇందుకు ప్రధాన కారణం" అని చదివారాయన. "బాధ్యతాయుతంగా శ్రమిస్తున్న ఉపాధ్యాయుల కృషి ఫలించాలంటే, ఈ బాలలను మిగతా తరగతులతో కలపడానికి ముందు ఒక సంవత్సరం పాటు ప్రత్యేక సన్నాహక తరగతిలో ఉంచడం అవసరం. ఇందుకు ఒక గది నిర్మించాలి."

హెడ్మాస్టర్లు చప్పట్లు కొట్టారు. ఆఫీసరు తలాడిస్తూ ఏదో రాసుకున్నాడు. ఆయన కాగితాలు మడిచి కూర్చున్నారు. మా వాక్యం లేదు. సిగ్గూ లేదు, భయమూ లేదు, నవ్విన ముందువరసలూ లేవు.

"అయిపోనాదా?" అంది పోలమ్మ.

"అయిపోయింది."

"అనాసక్తి అంటే ఏటి టీచరమ్మా? మమ్మల్నే గదా అన్నాడు?"

ఏదైనా వేరే అర్థం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆవిడ నా కళ్ళలోకే చూస్తోంది.

"పిల్లల్ని చదివించడం మీకు ఇష్టం లేదని" అన్నాను.

పోలమ్మ పక్కకి తిరిగింది. మిగతా ఆడవాళ్ళకి ఆ అర్థం గొంతు తగ్గించి చెప్పింది. వరసగా నిలబడి నీళ్ళ బకెట్టు చేతులు మార్చినట్టు ఆ మాట ఒకరి నుంచి ఒకరికి వెళ్ళడం నేను చూశాను. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సభ అయ్యాక ఆయన టీ గ్లాసులు పట్టుకుని మా వరస దగ్గరికొచ్చారు.

"అప్పా, తీసుకో" అన్నారు.

"నాకు అలవాటు నేదు మేస్టారూ" అంది పోలమ్మ.

రోజుకి నాలుగుసార్లు టీ తాగే మనిషి. ఆయన ఆ 'మేస్టారూ' విని అలా నిలబడిపోయారు. వాళ్ళు ఆయన పక్కనుంచే బయటికి వెళ్ళారు, ఒక్కరూ ఆయన్ని తగలకుండా.

మర్నాడు నేను కాలేజీకి వెళ్ళాను. ఆయన ఖాళీ క్లాసులో ఒక్కరే ఉన్నారు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"ఎందుకు మాస్టారూ?"

"ఉపాధ్యాయులు అవమానిస్తున్నారంటే హాల్లో సగం మంది లేచిపోయేవారు. ఆఫీసరు ఒకటే మాట చెప్పాడు. తప్పెవరిదో చెప్పే రిపోర్టయితే ఫైల్లో పడుకుంటుంది, ఏం కట్టాలో చెప్పే రిపోర్టయితే రేపే ఆర్డరేస్తానన్నాడు. నువ్వే చెప్పు. ఊరికే నిజం చెప్పి ఇంటికి రావడమా, ఒక గదైనా తేవడమా?"

"ఆ గదిలో ఎవర్ని కూర్చోబెడతారు?"

ఆయన బల్లమీది సుద్దముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నారు.

"ఇన్నాళ్ళూ వెనకవరస. ఇప్పుడు వేరే గది. వాళ్ళు చెప్పింది ఇదా? మీరు వాళ్ళింట్లో అన్నం తిని రాసుకున్నది ఇదా? మీకేనా తెలియనిది?"

"గది వచ్చాక లోపల ఏం చెప్పాలో మనం మార్చుకోవచ్చు" అన్నారు చివరికి. ఆ మాట ఆయనే నమ్మడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. నేను ఇంకా నిలబడ్డాను. పోలమ్మకి ఏం చెప్పాలో ఒక్క ముక్క చెబుతారేమోనని ఆశ. ఆయన బల్లమీది సుద్దముక్కలు ఒకదాని పక్కన ఒకటి పేర్చుతున్నారు. వచ్చేశాను.

గది కట్టారు. బడి ప్రహరీకి ఆనించి, పైన రేకులు. మధ్యాహ్నానికి పెనంలా కాలేది. మూడో తరగతికి వెళ్ళాల్సిన నూకాల్ని అందులో కూర్చోబెట్టారు. దానికి చదవడం వచ్చని, నేనే నేర్పానని హెడ్మాస్టరుతో చెప్పాను. "రిపోర్టులో పేట పిల్లలందరూ అని ఉందమ్మా, మీ మాస్టారు రాసిందే" అన్నారు. పిల్లలు ఆ గదికి 'నానుల గది' అని పేరు పెట్టారు. ముందువరసల పిల్లలు పెట్టిన పేరది. ఒక వర్షాకాలం పొద్దున్న పోలమ్మ వచ్చి కూతురి పలకా సంచీ తీసుకుని, చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. గేటు దగ్గర నేను అడ్డం వెళ్ళాను.

"ఒగ్గేయ్ టీచరమ్మా" అంది. "నాకు ఇష్టం నేదని రాసినారు గదా. ఇప్పుడు నిజింగానే నేదు."

ఆయన్ని హైదరాబాదు తీసుకెళ్ళారు. ఏదో కమిటీ. ఆ రేకుల గదులు తీరం పొడుగునా ఇంకెన్నో బళ్ళకి వచ్చాయని విన్నాను.

తర్వాత ఆయన్ని ఒక్కసారే చూశాను. అప్పటికి నేను దువ్వాడ వైపు బడికి మారాను. స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు. ఊళ్ళు ఖాళీ చేసి వచ్చినవాళ్ళ పిల్లలు మా బళ్ళో నిండిపోయారు. ఒక సాయంత్రం దువ్వాడ స్టేషన్లో బంధువుల కోసం నిలబడితే, ప్లాట్‌ఫారం మీద సూటు, చేతిలో బ్రీఫ్‌కేసు, పక్కన ఇద్దరు కుర్ర ఆఫీసర్లతో ఆయన కనిపించారు. జుట్టు పూర్తిగా నెరిసింది. నేను తప్పుకుందామనుకున్నాను. ఆయనే వచ్చారు.

"తిడుతూ ఉత్తరం రాస్తావని చూశానమ్మాయ్. రాయలేదేం?"

"ఏమని రాయను మాస్టారూ? మీకు తెలియనిదేముంది?"

కుర్రాళ్ళని దూరంగా పంపి బెంచీ మీద కూర్చున్నారు. నేను కూర్చోలేదు.

"ఆ రోజు గెస్టుహౌసులో ఆ ఒక్క వాక్యమూ ఉంచమని అడిగాను. పోలమ్మప్పది. మిగతాదంతా మీ ఇష్టం వచ్చినట్టు రాసుకోండి, అదొక్కటి ఉంచండి అన్నాను. తీసెయ్యమన్నారు. తీసేశాను." బ్రీఫ్‌కేసు ఒళ్ళో పెట్టుకున్నారు. "మొదటిదే కష్టం. ఆ తర్వాత ఎవరి రిపోర్టులో ఏ వాక్యం తీసెయ్యాలన్నా నాకే పంపేవారు. ఈ పనిలో నా అంత నేర్పరి లేడని పేరొచ్చింది."

నవ్వబోయారు. నేను నవ్వలేదు.

"అప్ప ఎలా ఉంది?"

"వెళ్ళి అడగండి. దూరమే గానీ, బస్సుంది."

"వెళ్ళాను" అన్నారు. "కిందటేడు. పడవల అవతల నిలబడ్డాను. చేపలు బేరమాడుతోంది. అదే గొంతు. పిలుద్దామనుకున్నాను. ఏమని పిలవాలి? అప్పా అనడానికి నోరు రాలేదు. పోలమ్మగారూ అంటే నవ్వుతుంది. తిరిగి వచ్చేశాను."

బండి వచ్చింది. ఎక్కుతూ, "నూకాలు?" అన్నారు.

"చేపలమ్ముతోంది. పెళ్ళయింది" అన్నాను. ఇంకా చాలా ఉన్నాయి చెప్పడానికి. అది కథలు చెప్పడం మానేసిందని చెప్పొచ్చు. చెప్పలేదు. ఆయన మీద జాలి పుట్టి కాదు. ఈ మనిషి దగ్గర ఇంకొక్క నిజం కూడా పెట్టబుద్ధి కాలేదు.

పేపర్లో చూసిన మర్నాడు పేటకి వెళ్ళాను. పోలమ్మ చేపలు ఎండబెడుతోంది. జుట్టు నెరిసింది, నడుం కొంచెం వంగింది. "మాస్టారు పోయారు పోలమ్మా" అన్నాను. ఏ మాస్టారని అడగలేదు. కాకుల్ని అదిలించి, ఇంకో రెండు చేపలు పరిచింది.

"ఆదివారం సంతాపసభ పెడుతున్నారు. అదే హాల్లో. వస్తావా?"

"ఎల్లినాను గదా ఒకపాలి" అంది.

లేవబోయాను. అప్పుడు, "ఆల్లమ్మ బతికుందా?" అంది.

"ఉంది. ఓల్డుటౌనులోనే."

చేతులు కడుక్కుని, లోపలికెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. "పద" అంది. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ తల్లి ముందు అంతా కడిగేస్తుందేమోనని దారంతా భయపడ్డాను. కడిగెయ్యాలనీ ఉంది నాకు. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట గట్టిగా చెప్పాలని ఇన్నేళ్ళుగా ఉంది.

ముసలావిడ నులకమంచం మీద కూర్చునుంది. చూపు సరిగ్గా లేదు. అలికిడి విని, "ఎవులు?" అంది.

"సంద్రం కాడి పోలమ్మనమ్మా."

ఆవిడ రెండు చేతులూ గాల్లోకి చాపింది. పోలమ్మ వెళ్ళి పక్కన కూర్చుంటే ఆ చేతులతో మొహం తడిమింది. "పోలమ్మవా! నువ్వేనా తల్లీ! మావోడు నీ మాట సెప్పని దినం నేదు. 'అమ్మా, పోలమ్మప్ప సెప్పిన మాట పెద్దోల్ల ముందర సదివినాను, ఉన్నదున్నట్టు సదివినాను, అందరూ లేసి నిలబడినారు' అనీవోడు." పోలమ్మ చెయ్యి వెతికి పట్టుకుంది. "ఆకరి దినాల్లో మాత్తరం ఆ మాటెత్తితే అటు తిరిగి పడుకునీవోడు. నాకేటో అనుమానం. నువ్వైతే అక్కడున్నావు గదా. నిజిమేనా అమ్మా? సదివినాడా?"

నేను పోలమ్మ వైపు చూశాను. ఆవిడ ఆ ముసలి చేతుల్నే చూస్తోంది.

"సదివినాడమ్మా" అంది. "ఉన్నదున్నట్టే సదివినాడు."

"ఇంక సాలు. ఇంక నాకు సాలు" అని ముసలావిడ ఏడ్చింది. పోలమ్మ ఆవిడ వీపు నిమురుతూ కూర్చుంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

బయటికొచ్చాక పోలమ్మ నాకు అందనంత వేగంగా సందు చివరిదాకా నడిచింది. అక్కడ ఆగి నావైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అవి ఏడుపు కళ్ళు కావు.

"సూసినావా టీచరమ్మా?" అంది. "ఆ దినం నా మాట మింగేసినాడు. ఈ దినం ఆడి అబద్దం నా నోటితో ఆడించినాడు, సచ్చినోడు."